నోటీసు పై పొలానికి, ముప్పు కింది బోరుకు

కృష్ణపట్నం, ఎన్నూరు రేవులు, చెన్నై మణలిలోని రిఫైనరీ తూర్పున ఉన్నాయి. పెట్రోలు, డీజిలు బాగా కాల్చే బెంగళూరు పడమట ఉంది. మధ్యలో ఉన్నవి తిరుపతి, చిత్తూరు జిల్లాలు. అందుకే తీరం నుంచి పీఠభూమి మీదికి పెద్ద రోడ్డు వేసినా, హైటెన్షన్ లైను లాగినా, గొట్టం పూడ్చినా మన మండలాల పేర్లు ఎక్కడో ఒకచోట తగులుతుంటాయి. పైపులైను మాట వినబడగానే ఊళ్లో వచ్చే మొదటి ప్రశ్న 'ఎకరాకు ఎంతిస్తారు?' అని. రెండోది 'పేలుతుందా?' అని. రెండూ అడగాల్సినవే. అయితే వీటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. గొట్టం పగిలితే చమురు ఏ వంకలోకి పోతుంది? ఆ వంక కింద ఎవరున్నారు?

చమురు పైపులైను తెచ్చే ముప్పులో పెద్ద భాగం నీటి ముప్పు. మన చట్టం మాత్రం దాన్ని భూమి వ్యవహారంగానే చూస్తుంది. గొట్టం ఎవరి సర్వే నంబరు కిందుగా పోతుందో వాళ్లకు నోటీసు వస్తుంది, పరిహారం వస్తుంది. అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దిగువన, అదే వంక నీళ్లతో నిండే చెరువు ఆయకట్టు రైతుకు ఏ కాగితమూ రాదు. ప్రమాదం జరిగితే ఎక్కువగా నష్టపోయేది అతనే. ఈ వ్యాసంలో విప్పి చూడబోయేది ఈ చిక్కునే.

ముందు పైపులైనుకు దక్కాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. అంతే చమురును అంతే దూరం ట్యాంకర్లలో తరలిస్తే ప్రమాదాలు ఎక్కువ, పోయే ప్రాణాలు ఎక్కువ, పొగా ఎక్కువే. మొగిలి ఘాట్‌లో లారీల బోల్తాల గురించి పలమనేరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి 'పైపులైను అసలే వద్దు' అనేవాళ్లు ఆ చమురు ఎలా వెళ్లాలో కూడా చెప్పాలి. తేడా ఎక్కడుందంటే, ట్యాంకరు పడిపోతే పోయేది అందులో ఉన్న పన్నెండు వేలో, ఇరవై వేలో లీటర్లు. అదీ నలుగురి కళ్లముందే పోతుంది. పైపులైను లెక్క వేరు. 18 అంగుళాల గొట్టంలో ప్రతి కిలోమీటరుకూ సుమారు లక్షన్నర లీటర్లు నిండి ఉంటాయి. రెండు వాల్వుల మధ్య 20 కిలోమీటర్ల దూరం ఉంటే, రెండూ మూసేశాక కూడా మధ్యలో 30 లక్షల లీటర్లు మిగిలి ఉంటాయి. చదును నేలలో అందులో కొంతే బయటికొస్తుంది. కొండవాలులో అడుగున పగిలితే, పైనున్నదాంట్లో చాలా భాగం తన బరువుకే కిందికి దిగిపోతుంది.

మన దగ్గర ఈ వాలు చిన్నది కాదు. తీరం నుంచి పలమనేరుకు చేరేసరికి దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. అంత ఎత్తున నిలిచిన డీజిలు బరువే అడుగున వాతావరణ పీడనానికి 50 రెట్లకు మించిన ఒత్తిడి పెడుతుంది. పంపు ఆపేసినా, మధ్యలో వాల్వులు మూసుకుంటే తప్ప ఆ ఒత్తిడి తగ్గదు. అందువల్ల ఘాట్ కింద, ఘాట్ మధ్యలో వాల్వులు ఎక్కడ పెడుతున్నారు, అవి వాటంతటవే మూసుకునేవా, మనిషి వెళ్లి తిప్పాల్సినవా అన్నది ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకుని వదిలేసే సంగతి కాదు. ఘాట్ కింద ఊళ్లకు అది తెలియాలి.

గొట్టం ఎందుకు కారుతుంది

మట్టిలో పూడ్చిన ఉక్కుకు తుప్పు తప్పదు. దాన్ని ఆపడానికి రెండు రక్షణలు పెడతారు. ఒకటి గొట్టం చుట్టూ ఎపాక్సీ, పాలిథిలీన్ పొరలు. రెండోది క్యాథోడిక్ ప్రొటెక్షన్. అంటే గొట్టానికి నిరంతరం చిన్నపాటి డీసీ కరెంటు అందిస్తూ, మట్టితో పోలిస్తే దాని వోల్టేజి మైనస్ 0.85 దగ్గరో అంతకు దిగువనో ఉండేలా చూడటం. పొర గీసుకుపోయి ఉక్కు బయటపడిన చోట ఈ కరెంటే కాపాడుతుంది. పొర ఊడకుండా ఉబ్బిపోయి, లోపలికి తడి చేరితేనే కష్టం. ఆ ఉబ్బు కిందికి కరెంటు చేరదు. పైన అంతా బాగున్నట్టే ఉంటుంది, అడుగున ఉక్కు కరుగుతుంటుంది. పక్కనే హైటెన్షన్ లైన్లు, విద్యుదీకరించిన రైలు మార్గాలు సమాంతరంగా ఉంటే ఈ రక్షణ లెక్కలు తారుమారు కావచ్చు. స్థలం దొరక్క ఇవన్నీ ఒకే బారున పెడుతున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

లోపలి నుంచి పట్టే తుప్పు మరో రకం. 2014 జూన్ 27న కోనసీమలోని మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది చమురు లైను కాదు, గ్యాసు లైను. పొడిగా ఉండాల్సిన గ్యాసుతోపాటు నీరూ ద్రవాలూ గొట్టంలో చేరి లోపలి నుంచి తినేశాయన్నది ఆ ఘటన నేర్పిన పాఠం. వాసన వస్తోందని ముందే చెప్పామని గ్రామస్థులు అప్పట్లో వాపోయారు. ఈ మాట చమురు లైన్ల కథల్లోనూ మళ్లీ మళ్లీ వినబడుతుంది.

మూడోది మనుషుల వల్ల వచ్చేది. జేసీబీతో కేబులు కోసం తవ్వడం, పొలంలో కుంట తీయడం, బోరు బండి తెచ్చి పాయింటు వేయడం. ఇంకోవైపు దొంగతనం. గొట్టానికి కన్నం వేసి, చిన్న వాల్వు బిగించి, రాత్రిళ్లు డీజిలు లాగేవాళ్లు మన దేశంలోనూ దొరుకుతున్నారు. మెక్సికోలోని ట్లావెలిల్పాన్‌లో 2019 జనవరి 18న ఇలా కన్నం పడిన లైను దగ్గర పెట్రోలు పట్టుకోవడానికి జనం గుమిగూడారు. మంటలంటుకుని 130 మందికి పైగా చనిపోయారు. గొట్టం పక్కనుండే ఊళ్లలో ఇది అందరికీ తెలియాలి. కారుతున్న పెట్రోలు దగ్గరికి బిందె పట్టుకుని వెళ్లకూడదు.

పదిహేడు గంటలు

చమురు సంస్థలు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. 'కంట్రోల్ రూములో ఇరవై నాలుగు గంటలూ చూస్తుంటాం. లీకైతే క్షణాల్లో తెలిసిపోతుంది.' ఇందులో సగమే నిజం. స్కాడా అనే వ్యవస్థ గొట్టం పొడవునా ఒత్తిడి, ప్రవాహం కొలుస్తూ ఉంటుంది. గొట్టం ఒక్కసారిగా చీలితే ఒత్తిడి పడిపోవడం తెలుస్తుంది. సన్నగా కారితే తెలియదు. ఎందుకంటే ఉష్ణోగ్రత మారినా, పంపు వేగం మారినా అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. మొత్తం ప్రవాహంలో దాదాపు ఒక శాతం కంటే తక్కువ తేడాను ఇలాంటి లెక్కల పద్ధతులు పట్టుకోవడం కష్టం.

ఒక శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఏడాదికి 50 లక్షల టన్నులు మోసే లైనులో ఒక శాతం అంటే 50 వేల టన్నులు. రోజుకు 137 టన్నులు. డీజిలు అయితే ఇరవై వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. అంత చమురు రోజూ మట్టిలోకి పోతున్నా కంట్రోల్ రూములో అలారం మోగకపోవచ్చన్న మాట. సాధారణంగా ఇంతకు చాలా తక్కువే కారుతుంది, కానీ నెలల తరబడి కారుతుంది. అలాంటి లీకును చివరికి పట్టుకునేది ఎక్కువగా ఎవరంటే, లైను వెంబడి నడిచే గస్తీ మనిషి, వాసన పసిగట్టిన రైతు, ఎండిన పైరు చూసి అనుమానించిన ఆడమనిషి.

పెద్ద చీలిక పడినా తెలియకుండా పోయిన ఉదాహరణ ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, మార్షల్ ఊరు దగ్గర 2010 జులై 25 సాయంత్రం 30 అంగుళాల ముడిచమురు గొట్టం ఆరడుగుల పైచిలుకు పొడవున చీలింది. కంట్రోల్ రూములో అలారాలు మోగాయి. సిబ్బంది వాటిని గొట్టంలో చమురు మధ్య ఏర్పడే ఖాళీ వల్ల వచ్చినవనుకున్నారు. ఒత్తిడి పెంచితే సర్దుకుంటుందని రెండుసార్లు మళ్లీ పంపులు నడిపారు. ఆ రాత్రే ఊళ్లో వాళ్లు ఘాటు వాసన వస్తోందని ఫోన్లు చేశారు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి వెతికి, ఏమీ కనబడక వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున వేరే గ్యాసు సంస్థ ఉద్యోగి ఫోన్ చేసి చెబితే తప్ప పైపులైను సంస్థకు విషయం అర్థం కాలేదు. అప్పటికి 17 గంటలు గడిచాయి. సుమారు 32 లక్షల లీటర్లు ఒక చిన్న వాగు ద్వారా కలమజూ నదిలోకి చేరాయి. పోయిందాంట్లో ఎక్కువ భాగం, లీకు మొదలయ్యాక మళ్లీ పంపులు నడిపినప్పుడే పోయింది. ఆ భాగంలో లోపాలున్నట్టు 2005 నాటి తనిఖీలోనే పరికరాలు చూపించాయి. తవ్వి చూడలేదు. పరికరం లేక జరిగిన ప్రమాదం కాదది. పరికరం చెప్పినా వినకపోవడం వల్ల జరిగింది.

ఆ చమురు బరువైన రకం. పల్చన చేయడానికి కలిపిన ద్రావకాలు ఆవిరైపోయాక మిగిలింది నది అడుగుకు దిగింది. నీటి మీద తేలేదాన్ని పట్టే పరికరాలు దానికి పనికిరాలేదు. నది అడుగున మట్టి తవ్వి తీయడం ఏళ్లపాటు సాగింది.

నది కింద పైపు

మన నదుల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. స్వర్ణముఖి, కుశస్థలి, అరణియార్, నీవా, పాలారు, అన్నీ అంతే. ఎండిన నది కింద గొట్టం వేయడం సులువు, భద్రం కూడా అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇలాంటి నదులు పదేళ్లు నిద్రపోయి ఒక్క రాత్రిలో లేస్తాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా వచ్చిందో తిరుపతి చుట్టుపక్కల వాళ్లు మరిచిపోలేదు. వంతెనలు దెబ్బతిన్నాయి. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో కింది గ్రామాలను ఖాళీ చేయించారు. అలాంటి వరద నది అడుగును కోసేస్తుంది. ఆరడుగుల లోతున పూడ్చిన గొట్టం తేలిపోయి, కొట్టుకొచ్చే చెట్ల మొద్దులు, బండరాళ్ల దెబ్బలకు ఎదురుగా నిలబడుతుంది. దానికి తోడు ఇసుక తవ్వకాలు. గొట్టం వేసిన రోజు లెక్క వేసిన లోతు, పదేళ్ల ఇసుక తవ్వకాల తర్వాత ఎంత మిగిలిందో ఎవరు కొలుస్తారు?

ఇది ఊహించి చెబుతున్నది కాదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో యెల్లోస్టోన్ నది కింద ఇది రెండుసార్లు జరిగింది. 2011 జులై 1న వరద నది అడుగును కోసేయడంతో లారెల్ దగ్గర గొట్టం తెగి సుమారు 1,500 బ్యారెళ్లు, అంటే దాదాపు రెండు లక్షల నలభై వేల లీటర్లు పోయాయి. 2015 జనవరిలో అదే నది మీద గ్లెండైవ్ దగ్గర మరో సంస్థ గొట్టం పగిలింది. 2011 సర్వేలో ఆ గొట్టం మీద కనీసం ఎనిమిది అడుగుల మట్టి ఉంది. ప్రమాదం తర్వాత చూస్తే నది అడుగున బయటపడి ఉంది. ఊరి కుళాయి నీళ్లలో బెంజీన్ కలిసింది. ఆరు వేల మంది దాకా ఉన్న ఆ ఊరికి సీసాల నీళ్లు తెప్పించాల్సి వచ్చింది.

నది దాటే చోట సాధారణ కందకం తవ్వకుండా, అడుగున చాలా లోతుగా డ్రిల్లింగ్ చేసి గొట్టాన్ని లాగే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ. మన గట్టి రాతి నేలలో కష్టం కూడా ఎక్కువే. అయినా పెద్ద నదులకు అదే మేలు. చిన్న వంకల విషయంలో ఈ జాగ్రత్త సాధారణంగా తీసుకోరు. నా ఉద్దేశంలో చిత్తూరు, తిరుపతి జిల్లాలకు నిజమైన ముప్పు పెద్ద నదుల దగ్గర కన్నా ఈ పేరు లేని వంకల దగ్గరే ఎక్కువ.

కారణం మన చెరువుల అమరిక. ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మొరవ (అలుగు) పోతే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో దానికి చేరతాయి. వానలు పడ్డ ఏడాది నీళ్లను ఇలా ఊరూరా పంచిపెట్టే అమరిక, చమురు కలిస్తే దాన్నీ అదే దారిలో ఊరూరా పంచిపెడుతుంది. మొరవ దగ్గర తేలే చమురును ఆపే తేలుడు అడ్డుకట్టలు వేయడానికి గంటల సమయమే ఉంటుంది. ఆ పరికరాలు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని స్టేషనులో ఉంటే ప్రయోజనం లేదు.

దిగువన ఉన్నది మన ఊళ్లే కాదు. నగరి నది నీళ్లు కుశస్థలితో కలిసి పూండి రిజర్వాయరుకు, అంటే చెన్నై తాగునీటికి చేరతాయి. కండలేరు నుంచి పూండికి వెళ్లే తెలుగుగంగ కాలువ తిరుపతి జిల్లా తూర్పు మండలాల మీదుగానే పోతుంది. పిచ్చాటూరు, సురుటుపల్లి మీదుగా వెళ్లే అరణియార్ పులికాట్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. వరద నీళ్లలో చమురు కలిస్తే ఏమవుతుందో కుశస్థలి చివర, ఎన్నూరు దగ్గర 2023 డిసెంబరులో చూశాం. మిచౌంగ్ తుపాను వరదలో మణలి ప్రాంతం నుంచి చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు క్రీక్‌లో పరుచుకుంది. అది పైపులైను పగిలి వచ్చింది కాదు. కానీ వలలు, పడవలు, మడ చెట్లు, కొంగలు, పెలికాన్లు నల్లబడిన తీరు చూశాక వరదా చమురూ కలిస్తే ఏమవుతుందని ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.

రాతి పగుళ్లలో పెట్రోలు

నదిలో పడిన చమురు కనబడుతుంది. నేలలోకి దిగింది కనబడదు. అందుకే అది ఇంకా కష్టం.

మన జిల్లాల్లో భూగర్భ జలం ఇసుక పొరల్లో నిలిచి ఉండదు. గ్రానైటు, నైసు రాళ్ల పైనున్న మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో ఉంటుంది. వంద అడుగుల దూరంలో ఒక బోరులో నీళ్లు పడి, పక్క బోరు ఫెయిలయ్యేది ఇందుకే. చమురు కూడా అదే పగుళ్ల దారిలో పోతుంది. ఎటు పోతుందో ముందుగా చెప్పడం చాలా కష్టం. వెయ్యి అడుగుల బోరుతో లాగుతుంటే ఆ లాగుడుకు దూరం నుంచి కూడా రావచ్చు. పైపులైనుకు రెండు వందల మీటర్ల దగ్గరున్న బోరు శుభ్రంగా ఉండి, కిలోమీటరు అవతలిది పాడయ్యే అవకాశం ఉంది.

పెట్రోలు, డీజిలు, ముడిచమురు ఒకలా ప్రవర్తించవు. ముడిచమురు చిక్కగా ఉండి నెమ్మదిగా దిగుతుంది. పెట్రోలు పల్చన, త్వరగా దిగిపోతుంది. అందులోని బెంజీన్ నీళ్లలో కరుగుతుంది. బెంజీన్ క్యాన్సర్ కారకమని తేలింది. తాగునీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. మన బీఎస్-6 పెట్రోల్లో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. ఆ లెక్కన ఒక్క లీటరు పెట్రోల్లోని బెంజీనే ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీళ్లను ఆ హద్దుకు చేర్చగలదు.

చెన్నై తొండయార్‌పేటలో 2013లో బోర్లలోంచి పెట్రోలు వాసనతో నీళ్లు రావడం మొదలైంది. భూగర్భ పైపులైను లీకే కారణం. వీధుల మధ్య, ఇళ్ల మధ్య, రోజూ జనం తిరిగే చోటే అది ముందు బోరు నీళ్లలో కనబడింది. అడవంచున, మామిడి తోటల మధ్య ఎప్పుడు బయటపడుతుందో ఊహించండి.

శుభ్రం చేయడం ఎంత కష్టమో చెప్పడానికి బెమిడ్జీని మించిన ఉదాహరణ లేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఆ ఊరి దగ్గర 1979 ఆగస్టు 20న ముడిచమురు గొట్టం పగిలి సుమారు 17 లక్షల లీటర్లు పోయాయి. వెంటనే చేయగలిగినంత శుభ్రం చేశారు. అయినా దాదాపు నాలుగు లక్షల లీటర్లు నేలలోనే మిగిలిపోయాయి. 1983 నుంచి అక్కడి భూగర్భ శాస్త్రవేత్తలు ఆ చోటును పరిశోధనా క్షేత్రంగా మార్చి, నేలలోని సూక్ష్మజీవులు చమురును ఎంత వేగంగా తింటాయో కొలుస్తున్నారు. తింటున్నాయి. కానీ దశాబ్దాలు గడిచినా చమురు నీటిమట్టం మీద తేలుతూనే ఉంది. అది ఇసుక నేల, పరిశోధనకు అనువైన నేల. మన రాతి పగుళ్లలో అంత స్పష్టంగా చూడటం కూడా కుదరదు.

గొట్టం పగలకపోయినా

వేసేటప్పుడే జరిగే నష్టాలున్నాయి. కందకం తవ్వినప్పుడు పై మట్టి, కింది మొరం కలిపి పూడ్చేస్తే ఆ పట్టీలో ఏళ్లపాటు పైరు సరిగా రాదు. పై మట్టిని విడిగా పోసి, చివరిలో పైనే పరచాలన్నది చిన్న షరతు. పర్యవేక్షణ లేకపోతే అదీ అమలు కాదు. కొత్త గొట్టం గట్టిదా కాదా చూడటానికి దాన్ని నీళ్లతో నింపి ఒత్తిడి పెడతారు. వంద కిలోమీటర్ల పొడవు ఒకేసారి నింపితే కోటిన్నర లీటర్ల నీళ్లు. వేసవిలో ట్యాంకరు నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్ల దగ్గర ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? తుప్పు పట్టకుండా రసాయనాలు కలిపిన ఆ నీళ్లను పరీక్ష అయ్యాక ఏ వంకలో వదులుతారు?

అడవుల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. చెట్లు కొట్టి తీసిన పట్టీని మళ్లీ అడవి కానివ్వరు, వేళ్లు గొట్టాన్ని పాడుచేస్తాయని. అది శాశ్వతమైన దారిగా మిగులుతుంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. అక్కడ కొత్త దారి తెరుచుకోవడం అంటే ఎవరికి ఉపయోగమో తిరుపతి వాళ్లకు తెలుసు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అడవుల్లో ఏనుగుల దారులున్నాయి.

చట్టం ఏం చూస్తుంది, ఏం చూడదు

1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం ప్రకారం ప్రభుత్వం భూమిని కొనదు. 'వినియోగ హక్కు' మాత్రమే తీసుకుంటుంది. భూమి రైతు పేరుమీదే ఉంటుంది. ముందు గెజిట్‌లో ఉద్దేశ ప్రకటన వస్తుంది. అభ్యంతరాలకు 21 రోజుల గడువు. గొట్టం మీటరు కంటే తక్కువ లోతున వేయకూడదు. నివాసాల కింద, పక్కా కట్టడాలున్న భూమి కింద వేయకూడదు. వేశాక ఆ పట్టీలో రైతు వేరుశనగ వేసుకోవచ్చు, వరి వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. జరిగిన నష్టానికి పరిహారంతోపాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. మొత్తం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు.

మామిడి తోటలే ఆధారంగా, పాత బోరు ఎండితే పక్కన కొత్త బోరు వేసుకోవడమే బతుకుగా ఉన్న జిల్లాలో 'చెట్టు వద్దు, బావి వద్దు' అన్న షరతుకు 10 శాతం చాలదని నేను గట్టిగా నమ్ముతాను. తోతాపురి తోట మధ్యలోంచి పట్టీ పోతే ఆ రైతు ఒక పంటను కాదు, ముప్పై నలభై ఏళ్ల కాపును వదులుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు ఖాళీ దగ్గరికి వద్దాం. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాసు పైపులైనుకు పర్యావరణ అనుమతి తప్పనిసరి అయ్యేది అది జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల మీదుగా పోతేనే. కాబట్టి ఇంజినీర్లు లైనును అభయారణ్యం అంచున వంచి పొలాల మీదుగా తీసుకెళ్తారు. అడవికి అది మంచిదే. కానీ దాంతోపాటే కేంద్ర పర్యావరణ అనుమతీ, దానితో వచ్చే ప్రజాభిప్రాయ సేకరణా అవసరం లేకుండా పోతాయి. అటవీ భూమి తగిలితే అటవీ అనుమతి, తీరంలో ఉంటే తీర నియంత్రణ అనుమతి వేరుగా కావాలి. చెరువులు, వంకలు, బోర్లు మాత్రం ఈ అనుమతుల జాబితాలో లేవు. 2020లో తెచ్చిన మరో మినహాయింపు, రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మట్టి తవ్వుకోవడానికి అనుమతి అక్కర్లేదన్నది. సుప్రీంకోర్టు 2024 మార్చిలో దాన్ని కొట్టేసింది. పొడవాటి ప్రాజెక్టు అన్న కారణంతోనే పర్యావరణ పరిశీలన వదిలేయడం సరికాదన్న వాదనకు ఆ తీర్పుతో బలం వచ్చింది.

ముందే తేల్చుకోవాల్సినవి

గెజిట్ ప్రకటన వచ్చిన 21 రోజుల్లో భూమి యజమానులు పెట్టే అభ్యంతరాల్లో ఎక్కువగా ధర గురించే ఉంటుంది. అదే కాగితంలో దిగువ గ్రామాల సంగతి కూడా ఎక్కించవచ్చు. దిగువ పంచాయతీలు విడిగా తీర్మానం చేసి కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి పంపవచ్చు. అడగాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. సర్వే నంబర్ల మ్యాపు మీద వంకలు, చెరువులు, మొరవలు గీసిన మ్యాపు ఇవ్వమనాలి. నది, పెద్ద వంక దాటే చోట రెండువైపులా వాల్వులున్నాయా, అవి దూరం నుంచి మూసేవేనా అని అడగాలి. గొట్టం మీద మట్టి లోతును ప్రతి పెద్ద వరద తర్వాత మళ్లీ కొలుస్తారా, ఆ కొలతలు పంచాయతీకి ఇస్తారా అని రాతపూర్వకంగా తీసుకోవాలి. తేలుడు అడ్డుకట్టలు, చమురు పీల్చే సామగ్రి ఎక్కడ నిల్వ ఉంటుంది, అక్కడి నుంచి కింది చెరువుకు ఎంతసేపట్లో చేరతారు అన్నది మరో ప్రశ్న. వాసన వస్తోందని ఊరివాళ్లు ఫోన్ చేస్తే ఎంతసేపట్లో లైను ఆపుతారు అన్నది అన్నిటికంటే ముఖ్యం. మిషిగన్‌లో లేనిది, కోనసీమలోని నగరం గ్రామంలో లోపించిందని అక్కడివాళ్లు చెప్పింది ఇదే.

ప్రమాదం జరిగితే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లే దారి ఉంది. 2010 నాటి ఆ చట్టం కింద సంస్థ నిర్లక్ష్యాన్ని బాధితుడు రుజువు చేయనక్కర్లేదు. తప్పుతో నిమిత్తం లేకుండా బాధ్యత వహించాల్సిందే. అయితే తన బోరు పాడైంది ఈ పైపులైను వల్లేనని చూపించాలి. 'ఆ నీళ్లు ముందు నుంచీ అంతే' అని అవతలి లాయరు అంటే జవాబుండాలి. పైగా పరిహారం కోసం అర్జీ పెట్టుకునే గడువు ఐదేళ్లు, అదీ కారణం మొదట తలెత్తిన రోజు నుంచి లెక్క. రాతి పగుళ్లలో చమురు బోరు దాకా రావడానికి ఏళ్లు పట్టవచ్చు.

అందుకని గొట్టం పూడ్చకముందు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి, లైనుకు దిగువనున్న బోర్లలోంచి, చెరువుల్లోంచి నీళ్లు తీయించి గుర్తింపు ఉన్న ల్యాబులో బెంజీన్, టొలుయీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లకు పరీక్ష చేయించాలి. మామూలుగా తాగునీటికి చేసే ఫ్లోరైడు, ఉప్పు పరీక్షల్లో ఇవి ఉండవు కాబట్టి పేర్లు రాసి మరీ అడగాలి. ఆ ఖర్చు సంస్థే భరించాలని కలెక్టరు సమక్షంలో రాయించుకోవచ్చు. సాంపిలు మాత్రం ఊరివాళ్ల ఎదుటే తీసి, సీసాకు సీలు వేసి, తేదీతో వచ్చిన రిపోర్టు నకలు ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి బోరు యజమాని దగ్గర ఉంచుకోవాలి.